పూల మీద రెండు అబద్ధాలు

దేవుడికి వాడి తీసేసిన పూలతో వంటగ్యాసు, ఎరువు, అగరుబత్తి, రంగు తయారు చేసుకోవచ్చని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరైనా అంటే వెంటనే రెండు జవాబులు వస్తాయి. మొదటిది కొట్టిపారేసేది. "పువ్వులేటి, గ్యాసేటి బావూ! తిరపతికి చెల్లుద్ది గానీ మనకేటి?" రెండోది ఆకాశానికెత్తేది. పూలతో ఊరంతటికీ కరెంటు వస్తుంది, డ్వాక్రా మహిళలందరికీ ఉపాధి దొరుకుతుంది, నదులు వాటంతటవే శుభ్రపడతాయి అనేది. మొదటి మాట ఆలయాల వరండాల్లో వినిపిస్తుంది. రెండోది సభావేదికల మీద వినిపిస్తుంది.

రెండూ అబద్ధాలే. మొదటి అబద్ధం పనిని మొదలు కానివ్వదు. రెండోది మొదలైన పనిని ఏడాది తిరక్కుండానే మూలన పడేస్తుంది. ఆశించినంత కరెంటు రాలేదని, అనుకున్నంత లాభం లేదని, "మేం ముందే చెప్పలేదా?" అని మొదటివాళ్ల నోటికి బలం ఇచ్చేది ఈ రెండోవాళ్లే. అందుకే ఇద్దరికీ ఒకేచోట సమాధానం చెప్పాలి. వాడిన పువ్వును పనికొచ్చే సరుకుగా మార్చడం మన జిల్లాల్లో చేయదగ్గ పని, చేసి తీరవలసిన పని. దానికి కావలసినవి కూడా ఇప్పటికే మన దగ్గరున్నాయి.

నీళ్లలో కలిస్తే తప్పేంటి అనేవారికి

"పువ్వు మట్టిలో పుట్టింది, నీళ్లలో కలిసిపోతుంది. దానివల్ల హాని ఏముంది?" అన్న మాటను ఎంతో మంచివాళ్లు కూడా నమ్ముతారు. కలిసిపోయే మాట నిజమే. ఏ ఖరీదుకు కలిసిపోతుందో చూడాలి.

నీటిలో పడ్డ పువ్వును సూక్ష్మజీవులు కుళ్లబెడతాయి. ఆ పనికి అవి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. చేపా, రొయ్యా పీల్చేదీ ఆ ఆక్సిజనే. నీళ్లు 30 డిగ్రీల వెచ్చదనంలో ఉన్నప్పుడు లీటరుకు 7, 8 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. అంటే వెయ్యి లీటర్లకు 7, 8 గ్రాములు. పచ్చి పూలలో నూటికి 85 పాళ్ల వరకు నీరే ఉంటుంది కాబట్టి కిలో పూలలో అసలు సరుకు 150 గ్రాములు. అది పూర్తిగా కుళ్లడానికి ఇంచుమించు అంతే బరువు ఆక్సిజన్ కావాలి. లెక్క కట్టి చూడండి. ఒక్క కిలో పూలు కుళ్లితే సుమారు 20 వేల లీటర్ల నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది.

వరద రోజుల్లో నిండుగా పారే నాగావళికి ఇదొక లెక్క కాదు. పారే నీరు గాలి నుంచి ఆక్సిజన్‌ను మళ్లీ తెచ్చుకుంటుంది. కానీ మనం పూలు ఎక్కువగా కలిపేది ఎప్పుడు? కార్తీకంలో, మాఘంలో, శివరాత్రికి. అప్పటికి వానలు వెనకబట్టి నాగావళి, వంశధార ఇసుక మేటల మధ్య పాయలుగా చీలిపోయి ఉంటాయి. శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుడి గుడి దగ్గరైనా, శ్రీముఖలింగం రేవులోనైనా భక్తులు దిగేచోట నీరు అప్పుడు మందగించి ఉంటుంది. పూలు పడేది ఆ నీటిలోనే. చెరువులకు, పుష్కరిణులకైతే ఆ కొద్ది ప్రవాహం కూడా లేదు. అడుగున పేరుకున్న పూలు గాలి అందక కుళ్లి, దుర్వాసనతో పాటు మీథేన్‌ను పైకి వదులుతాయి. గోబర్ గ్యాస్ ప్లాంటులో మనం పట్టుకుని పొయ్యి వెలిగించుకోగల వాయువు అది. చెరువులోంచి ఊరికే గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తోంది.

విజయనగరం పెద్దచెరువు సంగతి చూడండి. పైడితల్లి అమ్మవారి విగ్రహం ఆ చెరువులోనే దొరికిందని ఊరంతా నమ్ముతుంది. ఉత్సవాల్లో తెప్పోత్సవం జరిగేదీ అక్కడే. అమ్మ వెలసిన నీటికి ఊపిరాడకుండా చేయడం ఏ భక్తి కిందికి వస్తుందో "తప్పేంటి?" అని అడిగేవారే చెప్పాలి.

పైగా నీళ్లలో పడేది పువ్వు ఒక్కటే అయితే కదా! ఏదైనా ఆలయం వెనక గుట్టలోంచి ఒక దండ తీసి విప్పి చూడండి. బంతిపూల మధ్యలో మరువం, దవనం ఉంటాయి. వాటిని గుచ్చిన దారం ఒకప్పుడు అరటినార, ఇప్పుడు చాలావాటికి తెల్లటి పాలిస్టర్ దారం. దండ కొసన మెరిసే జరీ కుచ్చు, మధ్యలో బంగారు రంగు ప్లాస్టిక్ రేకులు, కొన్నిటికి థర్మాకోల్ పూసలు. పక్కనే దండ తెచ్చిన పాలిథీన్ కవరు, కర్పూరం పొట్లం, సగం కాలిన అగరుబత్తి పుల్లలు, కుంకుమ కాగితం. రేకులు వారంలో కుళ్లిపోతాయి. దారం మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది, చేపల మొప్పలకూ పక్షుల కాళ్లకూ చుట్టుకుంటుంది. "పువ్వు సహజం" అనే వాదన ఈ దండ ముందు ఒక్క క్షణం కూడా నిలబడదు.

ఆవులకు వేస్తే సరిపోతుందనే సలహా ఇంకా ప్రమాదకరం. శివాలయాల నిర్మాల్యంలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పూలుంటాయి. గన్నేరు విషం పశువు గుండె మీద పనిచేస్తుంది. ఉమ్మెత్త కూడా విషమే. బంతిదండను మేతగా వేసినా, దాంతో పాటు కడుపులోకి పోయే దారం, కవరు పశువుకు ప్రాణాంతకం. పుణ్యమనుకుని చేసే ఈ పనిని వెంటనే మానాలి.

నిర్మాల్యంతో వ్యాపారమా అనేవారికి

ఈ అభ్యంతరం భక్తిలోంచి వచ్చింది కాబట్టి గౌరవంగానే జవాబు చెప్పాలి. నిర్మాల్యాన్ని తొక్కకూడదు, దాటకూడదు. శైవంలో అది చండీశ్వరుడి సొత్తు. తిరుమలలో స్వామికి అలంకరించి తీసిన పూలను ఎవరికీ ఇవ్వకుండా ఆలయంలోని పూలబావిలో వేసే ఆచారం ఉండేది. ఈ నియమాలన్నిటి సారం ఒక్కటే: దేవుడిని తాకిన పువ్వు కాళ్ల కిందికి రాకూడదు, అపవిత్రమైన చోట పడకూడదు.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? గర్భగుడిలోంచి గంపలో వచ్చిన పూలు ఆలయం వెనక గుట్ట అవుతాయి. అక్కణ్నుంచి ట్రాక్టరెక్కి, హోటళ్ల ఎంగిలి విస్తళ్లతో, మాంసం దుకాణాల వ్యర్థాలతో కలిసి డంపింగ్ యార్డుకు పోతాయి. అక్కడ పందులు, కుక్కలు కుమ్ముతాయి. ఈ ప్రయాణంలో ఎక్కడా కనిపించని అపచారం, అదే పువ్వును కడిగి ఎండబెట్టి అగరుబత్తిగా మళ్లీ దేవుడి ముందు వెలిగిస్తే కనిపిస్తోందా? పవిత్రత పేరుతో అభ్యంతరం చెప్పేవారు మొదట అభ్యంతరం చెప్పాల్సింది డంపింగ్ యార్డు మీద.

తిరుమల తిరుపతి దేవస్థానాన్ని మించి ఆగమ సంప్రదాయం పట్టించుకునే సంస్థ తెలుగునాట లేదు. ఆ దేవస్థానమే తన ఆలయాల్లో వాడిన పూలతో 2021 సెప్టెంబరులో ఏడు పరిమళాల అగరుబత్తులను విడుదల చేసింది. తిరుపతి గోశాలలో తయారీ పెట్టింది. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం సాయంతో ఎండుపూలతో దేవుళ్ల చిత్రపటాలు చేయించింది. గంగ ఒడ్డున కాన్పూరులో 2017లో మొదలైన ఫూల్ అనే సంస్థ ఆలయాల పూలతో అగరుబత్తులు చేస్తోంది, తోలుకు బదులు వాడదగ్గ సరుకు కూడా తయారు చేసింది. హైదరాబాదులో హోలీవేస్ట్ పేరుతో ఇలాంటి పనే సాగింది. వీటివల్ల ఎక్కడా ఏ దేవుడి మహిమా తగ్గలేదు.

మన ఆచారంలోనే ఇంతకంటే పెద్ద రుజువుంది. రథసప్తమి నాడు అరసవల్లిలో ఇంద్రపుష్కరిణి దగ్గర భక్తులు ఆవుపిడకలు రాజేసి, వాటి మీద క్షీరాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యనారాయణ స్వామికి నివేదిస్తారు. పేడను ఇంధనం చేసి, దాని మీద వండినది దేవుడికి పెట్టడం ఉత్తరాంధ్రలో తరతరాలుగా పవిత్రం. పేడతో పువ్వు కలిపి గ్యాసు తీసి, దాని మీద అన్నదానం వండితే అపవిత్రం ఎలా అవుతుంది? నైవేద్యం వంట విషయంలో అర్చకులకు సందేహముంటే దాన్ని వదిలేద్దాం. అన్నదానం పొయ్యికి, వేడినీళ్లకు అభ్యంతరం ఉండదు కదా.

ఇంకొక సంగతి అందరూ మరచిపోతున్నారు. ఊరిలో వాడి పారేసే పూలన్నీ గుడివి కావు. పూల మార్కెట్‌లో అమ్ముడుపోక వాడిన బంతి, చామంతి బస్తాలున్నాయి. పెళ్లి మండపాల అలంకరణ ఉంది. సన్మానసభల గజమాలలున్నాయి. వీటికి నిర్మాల్యం అన్న ప్రసక్తే లేదు. మతపరమైన సంకోచం నిజంగానే అడ్డయితే మార్కెట్‌తో, కల్యాణ మండపాలతో రేపే మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టలేదంటే అడ్డు సంకోచం కాదు, బద్ధకం.

తిరుపతికి చెల్లుద్ది గానీ మనకేటి అనేవారికి

ఈ వాదన వినడానికి వినయంగా ఉంటుంది. నిజానికి అది మన జిల్లాల వెనకబాటుతనాన్ని మనమే ఒప్పేసుకునే మాట. తిరుమలకు రోజూ వచ్చే పూల రాశికి కర్మాగారం కావాలి. అరసవల్లికి, శ్రీకూర్మానికి, రామతీర్థానికి, పైడితల్లి గుడికి కర్మాగారం అక్కర్లేదు. సరుకు తక్కువ కావడం ఇక్కడ సదుపాయమే. పువ్వును ఏరడం ఇద్దరు ముగ్గురి చేతులతో అవుతుంది. కోసిన మర్నాటికే రంగు, వాసన మారే వస్తువును లారీల్లో దూరం పంపే పని ఉండదు. పుట్టినచోటే దాని పని పూర్తవుతుంది.

గోబర్ గ్యాస్ ప్లాంటు మన పల్లెలకు కొత్త కాదు. పాతిక కిలోల పేడతో రోజుకు దాదాపు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుందన్న లెక్క రైతులకు ఎప్పటినుంచో తెలుసు. పూలకూ సూత్రం అదే. గాలి చొరని తొట్టెలో ఒక జాతి సూక్ష్మజీవులు పూరేకులను ఆమ్లాలుగా విరగ్గొడతాయి, మరో జాతి ఆ ఆమ్లాలను మీథేన్‌గా మారుస్తాయి. అయితే పూరేకు చాలా మెత్తనిది. మొదటి జాతి పని తొందరగా అయిపోయి ఆమ్లం పేరుకుంటే రెండో జాతి చచ్చిపోతుంది, తొట్టె పులిసిపోతుంది, గ్యాసు ఆగిపోతుంది. పూలొక్కటే వేసి విఫలమైనవాళ్లు పొరబడింది ఇక్కడే. పేడ కలిపితే ఆ ఆమ్లం అదుపులో ఉంటుంది, కావలసిన సూక్ష్మజీవులూ దాంతోనే వస్తాయి. కాబట్టి పేడ రోజూ దొరికే గోశాల పక్కన ఇలాంటి తొట్టె పెట్టడమే తెలివి.

మార్కెట్ వ్యర్థాలతో ఇది నడుస్తుందా అన్న సందేహానికి హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ జవాబు చెప్పింది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతితో అక్కడ కుళ్లిన కూరగాయలను గ్యాసుగా, కరెంటుగా మార్చారు. 2021 జనవరి 31న ప్రధాని తన మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు. అక్కడ వేసే సరుకులో కూరగాయలతో పాటు ఆకులు, కాడలు ఉంటాయి. మన బంతిదండ అంతకంటే కష్టమైన వస్తువేమీ కాదు.

గ్యాసు అక్కర్లేదనుకుంటే ఎరువు ఉంది. చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల పేరుతో పంచాయతీల్లో కట్టిన షెడ్లున్నాయి. వాటిలో వానపాముల తొట్లున్నాయి. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని తాళాలు వేసుకుని ఉన్నాయి. రాష్ట్రంలో 2015–16 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయం మన రెండు జిల్లాల్లోనూ వేళ్లూనింది. ఘనజీవామృతం తయారు చేసుకునే రైతు పక్క ఊళ్లో ఉండగా, గుడి ఎరువు ఎవరు కొంటారని అడగడం అన్యాయం. సిరిమానోత్సవానికి ముందురోజు జరిగే తొలేళ్ల నాడు పైడితల్లి పూజారి అమ్మవారి తరఫున రైతులకు విత్తనాలు పంచుతారు. ఆ విత్తనాలతో పాటు అమ్మవారి పూల ఎరువు దోసెడు ఇస్తే ఆ ఆచారం మరింత నిండుగా ఉంటుంది.

చట్టం కూడా ఈ పని చేయమనే చెప్పింది. రోజుకు సగటున 100 కిలోలు మించి చెత్త పుట్టే చోట్లను 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పెద్ద ఉత్పత్తిదారులుగా గుర్తించాయి. ఆ జాబితాలో ప్రార్థనా స్థలాలను పేరు పెట్టి చేర్చాయి. తడిచెత్తను వేరుచేసి, వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలన్నాయి. "మనకేటి?" అన్న ప్రశ్నకు 2016లోనే జవాబు రాసిపెట్టి ఉంది.

పూలతో ఊరికి వెలుగు అనేవారికి

ఇప్పటిదాకా కాదన్నవారితో వాదించాను. మన పక్షాన నిలబడి అతిగా చెప్పేవారితో ఇంకా గట్టిగా వాదించాలి. మంచిపనికి చెడ్డ లెక్క తోడైతే పోయేది మంచిపని పరువే.

మొదటి చెడ్డ లెక్క: దేశంలో ఏటా 80 లక్షల టన్నుల పూలు నదుల్లో పడుతున్నాయన్నది. ఈ అంకె వ్యాసం నుంచి వ్యాసానికి పాకుతూ పోతోంది. మన దేశంలో ఏడాదికి పండే విడిపూలు మొత్తం 20 నుంచి 25 లక్షల టన్నులు. కాడలతో కోసే పూలను కలిపినా 35 లక్షలు దాటవు. పండినదానికి రెండింతలకు పైగా నదుల్లో ఎలా పడుతుంది? పెరటి పూలను కలిపినా ఆ లోటు పూడదు. ఇలాంటి అంకెను వేదిక మీద చెప్పినవారిని లెక్క తెలిసిన అధికారి ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టగలడు. మన ఆలయానికి రోజుకు ఎన్ని కిలోలు వస్తున్నాయో తూచి చెబితే ఆ అంకెను ఎవరూ కాదనలేరు.

రెండోది కరెంటు లెక్క. వంద కిలోల పచ్చి పూల నుంచి వచ్చేది సుమారు 4 నుంచి 6 ఘనపు మీటర్ల గ్యాసు. అది రెండు, రెండున్నర కిలోల వంటగ్యాసుకు సమానం. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరుకు సరిపడా గ్యాసు కావాలంటే 600 కిలోలకు పైగా పూలు కావాలి. కరెంటు సంగతి ఇంకా చిన్నది. బోయిన్‌పల్లిలో పది టన్నుల వ్యర్థాలకు 500 యూనిట్లు, కొంత వంటగ్యాసు అని ప్రధాని చెప్పిన లెక్క. ఆ చొప్పున వంద కిలోలకు 5 యూనిట్లు. ఒక సాధారణ ఇంటికి ఒకరోజుకు సరిపోయే కరెంటు అది. దీనితో వీధులు వెలగవు, ఊళ్లు వెలగవు. పూలతో విద్యుత్తు అని శిలాఫలకం వేసి జనరేటరు కొనడం డబ్బు తగలేయడమే. అదే గ్యాసును నేరుగా పొయ్యికి ఇస్తే రెండు మూడు కుటుంబాల వంట అవుతుంది, లేదా అన్నదానం వంటలో ఒక భాగం తీరుతుంది. తొట్టెలోంచి బయటికి వచ్చే మడ్డి మంచి ఎరువు. చిన్న లాభమే, కానీ రోజూ వచ్చే నిజమైన లాభం.

మూడోది అగరుబత్తి మీద చెప్పే మాట: పూల పరిమళమే అగరుబత్తిలో వస్తుందనీ, అందులో మరేమీ ఉండదనీ. ఎండిన బంతిరేకులో మల్లె వాసన ఎక్కణ్నుంచి వస్తుంది? పూలపొడి అగరుబత్తిలో బొగ్గుపొడికి బదులు వాడే మూలసరుకు. దాన్ని పట్టి ఉంచడానికి జిగురు కావాలి. మన మన్యంలో దొరికే నరమామిడి బెరడు పొడి అందుకే వాడతారు. పరిమళం కోసం తైలం విడిగా అద్దుతారు. వంద కిలోల పచ్చి పూలు ఎండితే మిగిలే పొడి 12 నుంచి 15 కిలోలు. పొగ రాకుండా ఏ అగరుబత్తీ వెలగదు. ఇవన్నీ దాచకుండా చెప్పి అమ్మాలి. నరమామిడికి గిరాకీ పెరిగితే చెట్టు చుట్టూ బెరడు ఒలిచి చంపేసే ప్రమాదముంది. పువ్వును కాపాడబోయి అడవిని పోగొట్టుకోకూడదు. బెరడు ఎలా తీయాలో తెలిసిన గిరిజనులకు సరైన ధర ఇచ్చి తీసుకోవాలి.

నాలుగోది రంగులు, సబ్బులు, ముఖానికి పూసుకునే పొడుల మీద "సహజం కాబట్టి సురక్షితం" అన్న ముద్ర. పూలతోటల్లో పురుగుమందులు కొడతారు. తినే పంటకున్న జాగ్రత్త పువ్వుకు ఉండదు. పైగా దండ మీద పడిన కుంకుమలో చాలావరకు రసాయనపు రంగే. కాబట్టి ఒంటికి రాసుకునేదీ, నోట్లో పెట్టుకునేదీ పరీక్ష చేయించకుండా చేయకూడదు. బట్టకు రంగు వేయడం వేరు. బంతిరేకులు మరిగించి, పటికతో బట్టకు పట్టిస్తే పసుపు రంగు వస్తుంది. నూలుకు ముందుగా కరక్కాయ నీళ్లు పట్టించాలి. ఏటికొప్పాక బొమ్మలకు చెట్ల నుంచి తీసిన రంగులు వాడే కళాకారులు మన ఉత్తరాంధ్రలోనే ఉన్నారు. పొందూరు నేతగాళ్లున్నారు. ఈ రంగు ఎండకు వెలుస్తుందన్న నిజం కూడా కొనేవారికి చెప్పి, చిన్నగా మొదలుపెట్టవచ్చు.

అయిదోది ఉపాధి. దండలు విప్పి, దారం తీసి, రేకులు ఏరి, ఎండబెట్టే పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. కుళ్లు వాసనలో, వంగి కూర్చుని చేసే పని అది. మహిళా సాధికారత అన్న బోర్డు పెట్టి, అమ్ముడుపోయాక డబ్బులిస్తామనడం దోపిడీ. సరుకు అమ్ముడైనా, కాకపోయినా రోజు కూలి రోజుకు పడాలి. చేతులకు తొడుగులు, నీడ, నీళ్లు ఉండాలి. ఊరి చెత్త తగ్గించినందుకు, ట్రాక్టరు తిరుగుడు తప్పించినందుకు నగరపాలక సంస్థ, దేవస్థానం ఇవ్వాల్సిన డబ్బు అది. దాన్ని అగరుబత్తి లాభంలోంచి తీస్తామంటే ఈ పని నిలబడదు.

అసలు అడ్డు ఎక్కడుంది

ఇంతకీ మన దగ్గర లేనిదేమిటి? శాస్త్రం ఉంది. చట్టం ఉంది. షెడ్లు ఉన్నాయి. పేడ ఉంది. ఎరువు కొనే రైతు ఉన్నాడు. లేనిది ఒక్కటే, పువ్వును పువ్వుగా విడిగా ఉంచే అలవాటు. దండను గర్భగుడిలోంచి తీసిన గంటలోపే దాని గతి తేలిపోతుంది. విడి గంపలో పడితే అది సరుకు. కొబ్బరిచిప్పలు, నూనె ఒత్తులు, ప్లాస్టిక్ కవర్లతో కలిసిందా, ఎంత పెద్ద యంత్రం తెచ్చినా దాన్ని వెనక్కి తీయలేదు. పాలిస్టర్ దారం గ్యాస్ తొట్టెలో కలియబెట్టే కడ్డీకి చుట్టుకుని దాన్ని ఆపేస్తుంది. వానపాముల తొట్టెలో ప్లాస్టిక్ రేకు అలాగే మిగిలిపోయి రైతు పొలానికి చేరుతుంది. కోట్ల ప్రాజెక్టు కంటే ముందు కావాల్సింది రెండు గంపలు, ఒక త్రాసు, నూలుదారం.

అందుకే ఎవరి వంతు వారికి చెప్పి ముగిస్తాను. ఆలయ కార్యనిర్వహణాధికారులు పూలకు విడి గంప పెట్టాలి, పూల సరఫరా టెండరులోనే అరటినార లేదా నూలుదారంతో కట్టిన దండలు మాత్రమే తీసుకుంటామని రాయాలి. జరీ, ప్లాస్టిక్, థర్మాకోల్ ఉన్న దండను గుమ్మం దగ్గరే ఆపాలి. అర్చకులు నిర్మాల్యం తీసేటప్పుడే గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పక్కన పెట్టించాలి. అవి పశువులకు చేరకుండా నేరుగా ఎరువు గుంటలోకి పోవాలి. శ్రీకాకుళం, విజయనగరం నగరపాలక సంస్థలు పూల మార్కెట్, కల్యాణ మండపాల నుంచి పూలను వేరే బండిలో తీసుకోవాలి. గోశాల ఉన్నచోట చిన్న గ్యాస్ తొట్టె, లేనిచోట వానపాముల ఎరువు, ఈ రెండూ కుదిరాకే అగరుబత్తి. ఈ వరస తప్పకూడదు. భక్తులు ఇంటి పూజలో పూలను కుండీ మొక్కల మొదట్లో వేసుకోవాలి, కవరుతో తెచ్చి వంతెన మీంచి నాగావళిలోకి విసరకూడదు.

విజయదశమి తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం వస్తుంది. మాఘంలో అరసవల్లిలో రథసప్తమి వస్తుంది. లక్షల మంది వచ్చే ఆ రెండు పండగల్లో ఒక్కొక్క రోజు పూలన్నీ విడిగా పోగుచేసి తూచండి. ఎన్ని కిలోలు వచ్చాయి, ఎంత ఎరువైంది, ఎన్ని గంటలు పొయ్యి వెలిగింది, కూలి ఎంత చెల్లించారు అన్నవి ఆలయం నోటీసు బోర్డు మీద రాయండి. కాదన్నవారికీ, అద్భుతమన్నవారికీ ఆ బోర్డే సమాధానం. ఆ నాలుగు అంకెలు లేని ఏ ప్రారంభోత్సవానికీ చప్పట్లు కొట్టవద్దని ఈ రెండు జిల్లాల ప్రజలను కోరుతున్నాను.